ఇంటి నుంచే ఉద్యోగం: రోజుకు రెండు కొసలూ ముడివేసుకోవడం ఎలా

ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్లకు బద్ధకం పెరుగుతుందని చాలామంది నమ్మకం. మేనేజర్లు అలాగే అనుకుంటారు, ఇంట్లోవాళ్లూ అలాగే అనుకుంటారు. ఒక్కోసారి పనిచేసేవాళ్లే తమను తాము అలా నిందించుకుంటారు. ఎక్కువమంది విషయంలో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. పొద్దున కళ్లు నులుముకుంటూ ఫోన్‌లో మెయిల్ చూడటంతో పని మొదలవుతుంది. రాత్రి దుప్పటి కప్పుకున్నాక ‘ఈ ఒక్క మెసేజ్‌కి జవాబిచ్చేసి పడుకుంటా’ అనేదాకా సాగుతుంది. అంత పొడుగు రోజులో మనసు పెట్టి చేసిన పని కొంచెమే, మనసారా తీసుకున్న విశ్రాంతి అంతకన్నా కొంచెం.

ఆఫీసు మనకు తెలియకుండానే కొన్ని పనులు చేసిపెట్టేది. దారిలో గడిపిన ఆ కాసేపు ‘ఇక పని మొదలు’ అని మెదడుకు చెప్పేది. పక్క సీట్లవాళ్లు బ్యాగులు సర్దుకుంటుంటే ‘ఇవాళ్టికి చాలు’ అని తెలిసేది. మీటింగ్ గదికి నడిచి వెళ్లడం, మెట్లు దిగి రావడం ఒంటికి కాస్త కదలిక ఇచ్చేవి. ఇంట్లో ఇవేవీ వాటంతటవి జరగవు. ఒక్కొక్కటీ మన చేత్తో అమర్చుకోవాలి.

ముందు ముగింపు సంగతి చూడండి

ఎన్ని గంటలకు మొదలుపెట్టాలో తర్వాత చూద్దాం, ఎన్ని గంటలకు ఆపాలో ముందు తేల్చుకోండి. ఉన్న సమయమంతా నిండేదాకా పని సాగుతూనే ఉంటుందని బ్రిటిష్ రచయిత నార్త్‌కోట్ పార్కిన్‌సన్ 1955లో రాశాడు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఆ మాట రోజూ అనుభవమే. ముగింపు లేని రోజున మధ్యాహ్నం చేయాల్సింది సాయంత్రానికి, సాయంత్రానిది రాత్రికి జారుతుంది. ‘టైముంది కదా’ అన్న ధీమాయే దానికి కారణం.

ఆపే సమయానికి 20 నిమిషాల ముందు అలారం పెట్టుకోండి. అది మోగాక కొత్త పని ముట్టుకోకూడదు. ఆ 20 నిమిషాల్లో చేయాల్సినవి వరసగా ఇవి:

1. సగంలో ఉన్న ప్రతి పనికీ ఒక వాక్యం రాయండి. ‘రిపోర్టు పూర్తి చేయాలి’ అని రాస్తే ఉపయోగం లేదు. ‘రిపోర్టులో మూడో పట్టిక దాకా అయింది, నాలుగో దానిలో జూన్ అంకెలు సరిచూడాలి’ అని రాయండి. రేపు పొద్దున చెయ్యి నేరుగా ఆ పట్టిక మీదికే వెళ్లాలి.
2. రేపు మొట్టమొదట చేసే పని ఒక్కటే ఎంచుకుని కాగితం మీద రాసి టేబుల్ మీద పెట్టండి.
3. రేపటి క్యాలెండర్ చూడండి. పొద్దున్నే ఏదైనా కాల్ ఉంటే ఇప్పుడే తెలియాలి.
4. మీ జవాబు కోసం ఎదురుచూసేవాళ్లు ఉంటే ఎప్పటికి ఇస్తారో ఒక లైనులో చెప్పండి.
5. ట్యాబులన్నీ మూసి, లాగవుట్ అయి, ల్యాప్‌టాప్, ఛార్జర్, హెడ్‌సెట్ కంటికి కనపడని చోట పెట్టేయండి. విడిగా గది లేనివాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఒక సంచీ కేటాయించి, అన్నీ అందులో వేసి, అల్మరాలో పెట్టి తలుపు వేయండి. భోజనాల బల్ల మళ్లీ భోజనాల బల్ల అయిపోవాలి.
6. చెప్పులు వేసుకుని పది పదిహేను నిమిషాలు బయట నడిచి రండి. ఆఫీసు నుంచి ఇంటికొచ్చే ప్రయాణానికి ఇది బదులు.

మొదటి అంశాన్ని వదిలేయకండి. ఒక పని తెగకుండా ఇంకోదానికి మళ్లితే మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే చిక్కుకుపోతుందని పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో చూపించారు. రాత్రి భోజనం చేస్తూ ఆ మెయిల్ గురించే ఆలోచించడం అదే. ఎక్కడ ఆపామో, ఎక్కడ అందుకోవాలో కాగితం మీద పడితే, దాన్ని గుర్తుపెట్టుకునే బాధ్యత మనసుకు తగ్గుతుంది.

ఇంత చేసినా పగులు ఒకచోట మిగులుతుంది: ఫోన్. ల్యాప్‌టాప్ మూసినా ఆఫీసు చాట్ జేబులోనే ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కంపెనీ వర్క్ ప్రొఫైల్ (ఆఫీసు యాప్‌లను విడిగా ఉంచే ఏర్పాటు) పెట్టి ఉంటే, ఒక్క మీట నొక్కితే ఆఫీసు యాప్‌లన్నీ ఆగిపోతాయి. ఐఫోన్‌లో నోటిఫికేషన్లను ఆపే ఫోకస్ మోడ్‌కు టైము పెట్టుకోవచ్చు. వీటితోపాటు టీమ్‌తో ఒక మాట అనుకోండి: నిజంగా కొంప మునిగే పనైతే ఫోన్ కాల్ చేయాలి, చాట్‌లో పెట్టింది పొద్దునే చూస్తాం. ఇలా తేల్చుకోకపోతే ఏదైనా అత్యవసరమైంది వచ్చిందేమోనని చాట్‌ను అస్తమానం తెరుస్తూనే ఉంటారు. కాల్ వస్తేనే అత్యవసరం అన్న లెక్క కుదిరితే కాల్ రాని రాత్రి నిశ్చింతగా ఉంటుంది.

పని గంటల తర్వాత ఆఫీసు సందేశాలకు దూరంగా ఉండే హక్కు ఫ్రాన్స్‌లో 2017 జనవరి 1 నుంచి చట్టంలో ఉంది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. అలాంటి చట్టం లేని చోట పనిచేసేవాళ్లు తమ పని గంటలను మేనేజర్‌తో మాట్లాడి మెయిల్‌లో రాయించుకోవడం మేలు. టీమ్ వేరే దేశంలో ఉంటే ఇది తప్పనిసరి. వాళ్ల పగలు, మీ పగలు రెండూ మీరే మోయాలనే స్థితి మెల్లగా వచ్చేస్తుంది. రోజులో రెండు మూడు గంటలు ఉమ్మడిగా ఉండేలా చూసుకుని, ఆ గంటలకే కాల్స్ పెట్టుకుని, మిగతాదంతా రాతలో నడపండి. రాత్రి కాల్ తప్పని రోజున మర్నాడు పొద్దున అన్ని గంటలూ వెనక్కి తీసుకోండి.

ఎక్కువ గంటల పని ఆరోగ్యాన్ని దెబ్బతీస్తుందన్నది ఊహాగానం కాదు. వారానికి 35–40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకుమించి పనిచేసేవాళ్లలో పక్షవాతం ముప్పు దాదాపు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో అంచనా వేశాయి. ఒక వారం పాటు మీ మొదటి మెసేజ్, చివరి మెసేజ్ సమయాలు రాసి చూడండి. మొత్తం ఎంతకు తేలుతుందో చూసి చాలామంది ఉలిక్కిపడతారు.

పొద్దున

ఇక్కడ పెద్ద హంగు అక్కర్లేదు. లేవగానే మెయిల్ చూడకండి. స్నానం చేసి, పడుకున్న బట్టలు మార్చి, వీలైతే కాసేపు వెలుతురులో నడవండి. పొద్దుటి వెలుతురు నిద్ర గడియారాన్ని సరిచేస్తుంది. కూర్చోగానే నిన్న రాసిపెట్టిన కాగితం చూసి ఆ పనే మొదలుపెట్టండి. చాట్ తెరవడం దాని తర్వాతే. ముందు చాట్ తెరిస్తే ఆ రోజు ఎజెండా వేరేవాళ్ల చేతికి వెళ్లిపోతుంది.

మధ్యలో గంటలు

మనసు పెట్టి చేయాల్సిన పనికి 90 నిమిషాల చొప్పున రెండు విడతలు క్యాలెండర్‌లో మూసిపెట్టండి, అందరికీ కనపడేలా. ఆ సమయంలో చాట్ మూసి, ఫోన్ వేరే గదిలో ఉంచండి. బోర్లించి పెట్టడం చాలదు, చెయ్యి అటే పోతుంది. మెయిల్, చాట్ చూడటానికి రోజులో నాలుగు సమయాలు అనుకుని వాటినే పాటించండి. కస్టమర్ సపోర్ట్ లాంటి ఉద్యోగాల్లో ఇది కుదరదు. అక్కడ వంతులవారీగా ఒకరు చాట్ చూస్తుంటే మిగతావాళ్లు నిశ్శబ్దంగా పనిచేసుకునే ఏర్పాటు టీమ్ మొత్తం చేసుకోవాలి.

ఫ్రాన్సెస్కో సిరిల్లో రూపొందించిన పొమొడోరో పద్ధతి (25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం) మొదలుపెట్టడానికే మొరాయించే పనులకు బాగుంటుంది. ‘పాతిక నిమిషాలే కదా’ అని కూర్చోవచ్చు. కానీ కోడ్ రాయడం, పెద్ద డాక్యుమెంట్ రాయడం లాంటి వాటిలో సరిగ్గా ఊపు అందుకునే వేళకు గంట మోగుతుంది. అలాంటి పనికి దాన్ని వాడకండి.

మధ్యాహ్న భోజనం తర్వాత బుర్ర మందగించడం మామూలే. బిల్లులు, ఫారాలు, ఫైళ్లు సర్దడం లాంటివి ఆ వేళకు వదిలిపెట్టండి. అప్పుడు కాఫీతో నెట్టుకొస్తే రాత్రికి తేలుతుంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగింటి కప్పులో సగం రాత్రి తొమ్మిదికి ఇంకా లోపలే ఉంటుంది.

ఇంటి పనుల గురించి ఒక గీత గీసుకోండి. ఐదు నిమిషాల్లో తేలిపోయేదైతే విరామంలో చేయొచ్చు. బట్టలు మెషీన్‌లో వేసి రావడం మంచి విరామమే, ఒళ్లు కదులుతుంది. అల్మరా సర్దడం విరామం కాదు.

కూర్చునే తీరు

అన్నిటికన్నా ఎక్కువమందిని డాక్టర్ దగ్గరికి పంపేది ల్యాప్‌టాప్ రూపమే. స్క్రీన్, కీబోర్డ్ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కీబోర్డ్ చేతికి సరైన ఎత్తులో ఉంటే స్క్రీన్ కిందికి పోయి మెడ వంగుతుంది. స్క్రీన్ కంటికి సరిపోయేలా లేపితే చేతులు గాల్లోకి లేస్తాయి. కాబట్టి ఒకటే మార్గం: ల్యాప్‌టాప్‌ను స్టాండ్ మీదో, లావు పుస్తకాల దొంతర మీదో పెట్టి, విడి కీబోర్డ్, విడి మౌస్ వాడండి. కొత్త కుర్చీ కొనే ముందు ఈ మూడు కొనండి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

ఈ వరసలో అమర్చుకోండి. మొదట కుర్చీ: భుజాలు వదులుగా వేలాడేసి, మోచేతులు ఒంటికి ఆనించి చేతులు ముందుకు చాపితే అరచేతులు కీబోర్డ్ మీద సమానంగా పడాలి. మోచేతి దగ్గర 90 డిగ్రీలు, లేదా కాస్త ఎక్కువ కోణం. మామూలు టేబుళ్లు 72–75 సెంటీమీటర్ల ఎత్తుంటాయి. పొట్టిగా ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ, భుజాలు పైకి లేస్తాయి. అప్పుడు కుర్చీ పెంచుకుని, పాదాలు వేలాడకుండా కింద గట్టి పెట్టె పెట్టుకోండి. కుర్చీ అంచుకూ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. నడుము వంపు దగ్గర తువ్వాలు చుట్టి పెడితే చాలు. తర్వాత స్క్రీన్: చెయ్యి చాపినంత దూరం, పై అంచు కంటి మట్టానికి లేదా కాస్త కిందికి. ప్రోగ్రెసివ్ కళ్లద్దాలవాళ్లు (దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం వాడేవాళ్లు) ఇంకొంచెం దించుకోవాలి, లేకపోతే అద్దం కింది భాగం నుంచి చూడటానికి గడ్డం ఎత్తుతూ మెడ పట్టేస్తుంది. కిటికీ పక్కనుంచి ఉండాలి. ఎదురుగా ఉంటే కళ్లు చిట్లించాలి, వెనక ఉంటే స్క్రీన్ మీద మెరుస్తుంది, కాల్‌లో ముఖం నల్లగా పడుతుంది.

ఎక్కడ తప్పు జరిగిందో నొప్పే చెబుతుంది. మెడ వెనక పట్టేస్తే స్క్రీన్ కిందికి ఉంది. భుజాల పైభాగం సాయంత్రానికి రాయిలా అయితే టేబుల్ ఎత్తుగా ఉంది. మౌస్ పట్టే వైపు భుజం ఒక్కటే నొప్పిగా ఉంటే మౌస్ దూరంగా ఉంది, కీబోర్డ్ పక్కకు లాక్కోండి. మణికట్టు నొస్తే కీబోర్డ్ వెనక కాళ్లు మడవండి, అవి చెయ్యిని పైకి విరుస్తాయి. తొడల వెనక తిమ్మిరి అంటే కుర్చీ అంచు నొక్కుతోంది. ఇవన్నీ సరిచేశాక కూడా వేళ్లలో తిమ్మిరి రెండు వారాలకు మించి ఉంటే డాక్టర్‌కు చూపించండి, వాయిదా వేయకండి.

స్క్రీన్ చూస్తున్నప్పుడు రెప్పలు వేయడం బాగా తగ్గిపోతుంది. అందుకే కళ్లు మండుతాయి. ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూసి, నాలుగైదుసార్లు నిండుగా రెప్పలు వేయండి. ఫోన్ కాల్స్ అన్నీ నడుస్తూ మాట్లాడండి. వయోజనులకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రయాణం తప్పిపోయాక ఆ నడక దానంతటది రాదు. మంచం మీద మాత్రం పనిచేయకండి. నడుము సంగతి అటుంచి, పడుకున్నప్పుడు కూడా పనే గుర్తొస్తుంది.

నెట్, ధ్వని

కాల్ తెగుతుంటే చాలామంది ప్లాన్ మార్చేస్తారు. తప్పు చాలాసార్లు వైఫైలో ఉంటుంది. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రూటర్‌కు కలిపి చూడండి. అప్పుడు బాగుంటే లైను మంచిదే, వైఫై బాగోలేదు. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటి దూరం పోతుంది, కానీ మైక్రోవేవ్ ఓవెన్ కూడా అదే పౌనఃపున్యంలో పనిచేస్తుంది, పక్కిళ్ల రూటర్లూ అక్కడే గుమిగూడతాయి. ఒకే గదిలోనో పక్క గదిలోనో ఉంటే 5 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి. రూటర్‌ను అల్మరాలో దాచకండి, ఇంటి మధ్యలో ఎత్తుగా పెట్టండి. వీలైతే కేబులే శాశ్వతం చేసుకోండి, 100 మీటర్ల వరకు ఇబ్బంది లేదు.

డౌన్‌లోడ్ వేగం చూసి మురిసిపోకండి, మీ బొమ్మ, మీ గొంతు వెళ్లేది అప్‌లోడ్‌లో. మీ ఒక్కరికీ 5 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఖాళీగా ఉంటే వీడియో కాల్‌కు సరిపోతుంది. ఫోన్లలోని ఫొటోల బ్యాకప్ సరిగ్గా కాల్ మధ్యలో మొదలై ఆ కాస్తా లాగేసుకుంటుంది. బ్యాకప్‌లను రాత్రికి మార్చండి.

కరెంటు పోయినప్పుడు రూటర్‌కు చిన్న డీసీ యూపీఎస్ (బ్యాటరీ ఉన్న చిన్న పెట్టె) చాలు. కొనేముందు అడాప్టర్ మీద రాసిన వోల్టేజి (9 లేదా 12) సరిగ్గా అదే ఉందో లేదో, ఆంపియర్లు అంతకు తగ్గకుండా ఉన్నాయో లేదో, పిన్ సరిపోతుందో లేదో చూడండి. ఫైబర్ కనెక్షన్‌లో గోడకున్న చిన్న పెట్టె విడిగా ఉంటే దానికీ కరెంటు కావాలి. ఈ సంగతి మరిచిపోతే రూటర్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి, నెట్ మాత్రం రాదు. మొబైల్ హాట్‌స్పాట్‌ను ల్యాప్‌టాప్‌లో ముందే కలిపి పాస్‌వర్డ్ సేవ్ చేసి ఉంచండి.

హెడ్‌సెట్ వైరుదైతే మేలు. చాలా బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మైకు ఆన్ కాగానే తక్కువ నాణ్యత ఉన్న మోడ్‌లోకి మారిపోతాయి, పాటలకు అంత బాగా వినిపించినవే కాల్‌లో డబ్బాలోంచి మాట్లాడినట్టుంటాయి. మైకును నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూల దగ్గర రెండు వేళ్ల దూరంలో ఉంచండి, ఊపిరి చప్పుడు పడదు.

ల్యాప్‌టాప్ రోజంతా ప్లగ్‌లోనే ఉంటే సెట్టింగ్స్‌లో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉందేమో చూడండి. నూరు శాతం దగ్గర, వేడిలో, నెలల తరబడి ఉంచితే బ్యాటరీ తొందరగా ముసలిదవుతుంది. లేచి వెళ్లేటప్పుడు విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కి స్క్రీన్ లాక్ చేయండి. ఆఫీసు ల్యాప్‌టాప్ పిల్లల హోంవర్క్‌కు ఇవ్వకండి.

రాత నేర్చుకోవాలి

దూరం నుంచి పనిచేసేవాళ్ల గొంతు వాళ్ల రాతే. చాట్‌లో ‘హాయ్’ అని పెట్టి అవతలివాళ్ల జవాబు కోసం ఆగేవాళ్లు ఇద్దరి సమయమూ పాడుచేస్తున్నారు. ‘ఆ ఫైలు సంగతి ఏమైంది?’ అన్నదీ అలాంటిదే. ఏ ఫైలు, ఎవరికి కావాలి, ఎప్పటికి కావాలి? దాన్నే ఇలా రాయొచ్చు: ‘మార్చి ఖర్చుల షీట్‌లో 14వ వరస ఖాళీగా ఉంది. గురువారం మధ్యాహ్నం రెండింటికి ఆడిటర్‌కు పంపాలి. బుధవారం సాయంత్రంలోగా నింపగలరా? కుదరకపోతే ఎవరిని అడగాలో చెప్పండి, నేనే నింపుతాను.’ చదివినవాళ్లు ఇంకో ప్రశ్న అడగక్కర్లేదు.

కాల్‌లో ఏదైనా తేలితే ఆ ఐదు నిమిషాల్లోనే టీమ్ చూసే చోట రాసిపెట్టండి: ఏం నిర్ణయించాం, ఎవరు చేస్తారు, ఎప్పటికి. మీటింగ్ పిలిచేముందు అది రాతలో తేలుతుందేమో చూడండి. పిలవక తప్పకపోతే గంటకు బదులు 50 నిమిషాలు, అరగంటకు బదులు 25 పెట్టండి. లేచి నీళ్లు తాగే వ్యవధి ఉండాలి.

ఇంట్లో ఉన్నవాళ్ల పని ఎవరికీ కనపడదు. ఆ బెంగతోనే చాలామంది రాత్రి పదకొండింటికి మెయిల్ పంపుతారు. దానికన్నా శుక్రవారం సాయంత్రం మేనేజర్‌కు ఐదారు లైన్లు పంపండి: ఈ వారం ఏం పూర్తయింది, ఏది నడుస్తోంది, ఎక్కడ ఆగింది, ఎవరి సాయం కావాలి. ఏడాది చివర జీతం గురించి మాట్లాడేటప్పుడు ఆ యాభై మెయిళ్లే మీ తరఫున సాక్ష్యం.

ఇంట్లోవాళ్లు

మీరు ఇంట్లో ఉన్నారంటే ఖాళీగా ఉన్నారని వాళ్లకు అనిపించడం సహజం. కోప్పడి లాభం లేదు, గుర్తులు పెట్టుకోవాలి. తలుపు మూసి ఉంటే కాల్‌లో ఉన్నట్టు, ఓరగా ఉంటే అవసరమైతే రావచ్చు, బార్లా ఉంటే మామూలుగా రావచ్చు. గది లేకపోతే హెడ్‌సెట్ పెట్టుకోవడమే మూసిన తలుపు. ఈ ఏర్పాటు ఎక్కువగా చెడగొట్టేది మనమే. తలుపు మూసుకుని లోపల వీడియోలు చూస్తే రెండో వారానికి ఆ తలుపుకు విలువ ఉండదు. ‘ఒక్క నిమిషం’ అని పిల్లలతో అనకండి, ఆ నిమిషం అరగంట అవుతుందని వాళ్లకు తెలుసు. గడియారం చూపించి ‘పెద్దముల్లు ఆరు మీదికొస్తే వస్తా’ అనండి, అప్పుడు కచ్చితంగా లేచి వెళ్లండి. రెండు మూడుసార్లు మాట నిలబెట్టుకుంటే వాళ్లు ఎదురుచూడటం నేర్చుకుంటారు.

చిన్న పిల్లల్ని చూసుకుంటూ పూర్తి సమయం ఉద్యోగం చేయడం మాత్రం జరిగే పని కాదు. అవి రెండు ఉద్యోగాలు. పిల్లల్ని చూసుకోవడానికి ఇంకొకరు ఉండాలి, లేదా దంపతులు గంటలు పంచుకోవాలి. ఒకరు పొద్దున ఏడు నుంచి, ఇంకొకరు పదకొండు నుంచి మొదలుపెట్టేలా మేనేజర్లతో ముందే మాట్లాడుకోవాలి. పిల్లలు పడుకున్నాక చేసుకుందాం అనుకుంటే మీ నిద్ర కరువవుతుంది.

రోజుల తరబడి ఒంటరిగా ఉండటం మెల్లగా మనిషిని కుంగదీస్తుంది, పని బాగా సాగుతున్నా సరే. వారానికి ఒకసారైనా పని మాట లేకుండా ఒక సహోద్యోగితో పదిహేను నిమిషాలు మాట్లాడండి. రోజుకు ఒక మనిషినైనా ఎదురుగా కలవండి, నడకలో పలకరింపైనా సరే. వారాల తరబడి నిద్ర పట్టక, దేనిమీదా ఆసక్తి లేకపోతే అది టైమ్ టేబుల్‌తో తీరేది కాదు, డాక్టర్‌తో మాట్లాడండి.

సెలవు

జ్వరంతో ఆఫీసుకు వెళ్లనివాళ్లు కూడా ఇంట్లో జ్వరంతో లాగిన్ అవుతారు. ‘పడుకునే చూస్తున్నా, పర్లేదు’ అంటారు. ఆ రోజు పనీ సరిగా జరగదు, ఒళ్లూ కోలుకోదు, సెలవూ పెట్టినట్టు కాదు. పూర్తిగా పెట్టేయండి. ముందే తెలిసిన సెలవైతే రెండు రోజుల ముందు ఒక పేజీ రాయండి: ఏ పని ఎక్కడుంది, ఫైళ్లు ఎక్కడున్నాయి, ఏది ఎవరు చూస్తారు, ఏది మీరు వచ్చేదాకా ఆగొచ్చు. ఆటో రిప్లైలో తిరిగొచ్చే తేదీ, ఈలోగా అడగాల్సిన మనిషి పేరు ఉండాలి. తిరిగొచ్చిన రోజు పొద్దున రెండు గంటలు ఎవరికీ ఇవ్వకుండా క్యాలెండర్‌లో మూసిపెట్టండి, పేరుకున్న మెయిల్ అప్పుడు చూస్తారు. ఇక ల్యాప్‌టాప్ సంచీలో వేసి అల్మరాలో పెట్టేయండి, ఛార్జర్‌తో సహా.